ముప్పై ఒకటిన మూతపడే నీ బ్లాగు

మెట్టుగూడ,
2007 మార్చి 28, బుధవారం.

వాసంతీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ బ్లాగు ఉన్న సైటును ముప్పై ఒకటిన మూసేస్తామని అందులోనే నోటీసు పెట్టారు. మొన్న చూశాను.

రెజిమెంటల్ బజార్‌లో నెట్ సెంటర్ నడిపే యాదగిరి దగ్గరికి పరుగెత్తాను.

"పాస్‌వర్డ్ ఉంటే ఐదు నిమిషాల్ల అన్నీ దింపిస్త, అమ్మా. లేకుంటే ఒక్కో పేజీ ప్రింట్ తీసుడే."

ఆ పాస్‌వర్డ్‌ను నువ్వు చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించావు. తాళంచెవిని గుమ్మానికి వేలాడదీస్తారా అని తిట్టి, చించి పారేసింది నేనే. "అమ్మమ్మా, మా టీమ్ లీడర్ నీకన్నా నయం" అని నవ్వావు.

ఇప్పటికి నలభై పేజీలు అయ్యాయి. ఇంకా నూటపన్నెండు. వాటిలో చాలావాటి నిండా నువ్వు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాములే.

"ప్రోగ్రాములు సుత గావాల్నా, అమ్మా? మీకేం సమజైతది?"

"సమజు కాదు గనకే ఒక్క బ్రాకెట్ కూడా వదలకు" అన్నాను.

ఇక జరగాల్సినవి:

1. రేపు సెంటర్ తెరిచేసరికి నేను అక్కడ ఉండాలి.
2. పేజీల కింద నీ పాఠకులు రాసిన మాటలు కూడా తీయించాలి.
3. నీ చివరి పేజీ కింద ఏడాదిగా "వాసంతి గారూ, రాయడం మానేశారేం?" అని అడుగుతున్నారు. జవాబు రాయడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదట. మూతపడేలోగా అది నేనే రాయాలి.