బ్యాలే డిస్కుల దీక్ష

మార్చి 3, సోమవారం

ఉదయం 7:30. పరువు పోయింది.

పదిహేనో తారీకున మా అమ్మాయి వాళ్ళ బ్యాలే ప్రదర్శన. టికెట్ ఒకటే తెచ్చింది. వాళ్ళమ్మకి. మరి నాకేదే అంటే, "నువ్వు రావద్దు నాన్నా" అంది. మొహం మీదే!

కారణం లేకపోలేదు. కిందటేడు మూడో వరసలో కూర్చుని గురక పెట్టాను. సరిగ్గా సంగీతం ఆగిన క్షణంలో. స్టేజీ మీద అమ్మాయికి అడుగుల లెక్క తప్పింది. అందరూ కుడికి తిరిగితే తను ఎడమకి తిరిగి పక్కపిల్లని గుద్దేసింది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి నాయిక తనే. ఒక కుర్రాడు తనని తల మీదికి ఎత్తుతాడట. లెక్క తప్పితే కింద పడేది నా కూతురే.

బతిమాలాను. చివరికి ఓ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. పేరున్న కథల బ్యాలేలు, ఇంట్లో టీవీలో చూసుకునేందుకు వేసిన ఎనిమిది డిస్కులు. ఒక్కోదానికి కథ రాసిన చిన్న పుస్తకం. వాళ్ళ టీచర్ ప్రాణంగా దాచుకున్న పెట్టె అట.

"నిద్రపోకుండా ఎనిమిదీ చూడు. ఏ రోజు చూసిన కథ ఆ రోజు నాకు చెప్పు. అప్పుడు టికెట్."

ఓస్, ఇంతేనా! ముప్పై ఏళ్ళుగా సోఫాలు కుడుతున్నాను. ఓపిక గురించి నాకు చెబుతారా?

నియమాలు:
1. రోజుకో డిస్కు. మధ్యాహ్నం రెండింటికి, షాపుకి ఎవరూ రాని వేళ.
2. ఆవలింత వస్తే మంచినీళ్ళు.
3. కునుకు తీస్తే ఇనప స్కేలుతో నన్ను నేనే కొట్టుకోవాలి.

మార్చి 4, మంగళవారం

2:00. పాత టీవీలు బాగుచేసే మా బావమరిది ఓ టీవీ, ప్లేయర్ తెచ్చి షాపులో బిగించి వెళ్ళాడు. మొదటి డిస్కు. శుభం!

2:10. అద్భుతం! ఏం రంగులు, ఏం ఎగరడాలు!

2:25. నీళ్ళు.

2:30. నీళ్ళు.

2:35. బాత్రూమ్.

2:50. మిల్లు యజమాని కూతురు యువరాజుని చూసి సిగ్గుపడింది. పది నిమిషాలైంది. ఇంకా సిగ్గుపడుతూనే ఉంది.

4:25. మెడ పట్టేసింది. డిస్కు ఎప్పుడో అయిపోయింది.

ఇది నిద్ర కాదు. కళ్ళు మూసుకుని సంగీతం విన్నాను. తప్పంతా సోఫాది. నా చేత్తో కుట్టిన మూడు సీట్ల సోఫా. ఇంత మెత్తగా కుట్టినవాణ్ణి అనాలి. స్కేలు ఎక్కడ పెట్టానో కనబడలేదు.

పుస్తకం చదివి అమ్మాయికి కథ చెప్పేశాను. నమ్మింది. మా ఆవిడ మాత్రం నా చెంప మీద పడిన సోఫా కుట్టు గుర్తు వైపే చూస్తూ కూర్చుంది.

మార్చి 5, బుధవారం

సోఫా రద్దు. స్టూలు!

పూర్తిగా చూశాను. నిజం! ఒట్టు!

కథ అంతగా పట్టలేదు గానీ, రాజుగారు కూర్చున్న కుర్చీ పట్టింది. ఎర్ర మఖమల్ గుడ్డ. వెనకవైపు కుట్టకుండా మేకులు కొట్టేసి ఊరుకున్నారు. రాజుగారు లేచినప్పుడల్లా సీటు గుంట పూడటం లేదు. నాసిరకం స్పాంజి. రాజ్యం ఏలే మనిషిని కూర్చోబెట్టే కుర్చీయేనా అది? హీరో లాగు కుట్టినవాడికి మాత్రం దండం పెట్టాలి. అంత ఎగిరినా ఒక్క కుట్టు ఊడలేదు.

సాయంత్రం అమ్మాయి కథ చెప్పమంది. కుర్చీ గురించి చెప్పాను.

"రాణి చచ్చిపోతుంది కదా నాన్నా, చూడలేదా?"

"ఎందుకు చూడలేదూ? ఆ కుర్చీ మీదే పడింది పాపం. దెబ్బ కూడా తగిలుంటుంది, లోపల స్పాంజి నాసిరకం కదా."

పొట్ట పట్టుకుని నవ్వింది. పాసు చేసింది. ఆరు మిగిలాయి. మనల్ని ఆపేవాడెవడు!

మార్చి 6, గురువారం

2:00. ఈ రోజు డిస్కులో రాజు లేడు. కుర్చీ లేదు. ఒట్టి అడవి.

2:20. అడవి.

2:40. బావమరిది వచ్చాడు. నా అవస్థ చూసి, "బావా, రిమోట్ దేనికిచ్చానో తెలుసా?" అని ఏదో నొక్కాడు. అడవిలో జనం చీమల్లా పరుగెత్తడం మొదలుపెట్టారు.

దీన్ని రెండింతల వేగం అంటారట! రెండు గంటల డిస్కు గంటలో అయిపోతుంది. నిద్ర రాదు. పైగా కామెడీ. వీడికి ఇంత బుర్ర ఉందని పెళ్ళిచూపులప్పుడే తెలిస్తే వాళ్ళింటి గురించి మరోలా అనుకునేవాణ్ణి.

నిద్రపోకూడదనే కదా అమ్మాయి అంది? నిదానంగా చూడమని అనలేదు.

మార్చి 7, శుక్రవారం

నాలుగింతల వేగం కూడా ఉంది!! డిస్కు అరగంట. దయ్యాలూ అప్సరసలూ ఎవరు ఎవరో తెలియదు గానీ, అందరూ ఒకేసారి రైలందుకోవాలన్నట్టు ఉన్నారు. కథ పుస్తకంలో ఉండనే ఉంది.

మార్చి 8, శనివారం

పళ్ళ డాక్టర్‌గారి వరండా కుర్చీలు పదకొండు. సోమవారానికి ఇవ్వాలి. పనే దైవం. ఇవాళ పుస్తకం మాత్రం చదివాను. కథ తెలిస్తే చూసినట్టే.

మార్చి 9, ఆదివారం

సెలవు. దేవుడే ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు పడుకున్నాడట, నేనెంత? ఆరో డిస్కు పుస్తకం కూడా చదివాను. దాదాపు. చివరి పేజీ మీద టీ ఒలికింది.

మార్చి 10, సోమవారం

దొరికిపోయాను.

కుర్చీలు ఇచ్చేసి, ఏడో డిస్కు నాలుగింతల వేగంతో చూసి, పుస్తకం చదివి, భోజనాల దగ్గర ధీమాగా మొదలుపెట్టాను.

"పాపం ఆ పిల్ల, ప్రియుడు మోసం చేశాడని నూతిలో దూకేసింది. ఊరంతా వచ్చి ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయనుకో."

"ఏ నుయ్యి నాన్నా?"

"అదేనే, మధ్యలో గుండ్రంగా, తెల్లగా, ఎత్తుగా ఉంటుందే..."

"అది పెళ్ళి కేకు."

ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను.

"ఊరంతా వచ్చింది పెళ్ళికి. ఆ పిల్ల పెళ్ళికూతురు. కేకు చుట్టూ నాట్యం చేస్తుంది. అందులో ఎవరూ చావరు నాన్నా."

ఇంతకీ జరిగిందేమిటంటే, వాళ్ళ టీచరో ఇంకెవరో ఎప్పుడో ఏడో డిస్కు కవర్లో ఎనిమిదో పుస్తకం పెట్టారు. నేను చక్కగా పెళ్ళి చూస్తూ చావు చదివాను. ఆ వేగంలో పెళ్ళివారి చప్పట్లు నాకు గుండెలు బాదుకున్నట్టే కనిపించాయి. మాటల్లేని ఆటలతో వచ్చిన చిక్కే ఇది!

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. డిస్కు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేసింది. "పోనీలే నాన్నా. నీ వల్ల కాదు. అమ్మ వస్తుందిగా" అంది. ఆ 'పోనీలే' కంటే తిట్టినా బాగుండేది.

మార్చి 11, మంగళవారం

2:00. ఏడో డిస్కు. మామూలు వేగం. నిలబడి. నిలబడ్డవాడికి నిద్రెలా వస్తుందో నేనూ చూస్తాను!

3:15. కుట్టు మిషన్‌కి ఆనుకుని, నిలబడే, గుర్రంలా నిద్రపోయాను. అన్నం గిన్నె కోసం వచ్చిన మా ఆవిడ లేపింది. కేకు దాకా కూడా వెళ్ళలేదు.

మార్చి 12, బుధవారం

చూడలేదు. డిస్కుల పెట్టె మీద దారపు ఉండలు పెట్టుకున్నాను. ఎత్తు సరిపోయింది.

అయినా, వెళ్ళకపోతే ఏం మునిగింది? ఇంట్లోనే హాయిగా పడుకోవచ్చు.

మార్చి 13, గురువారం

అబద్ధం. హాయి లేదు. నా కూతురు నాయికగా ఎగురుతుంటే నేను షాపులో స్పాంజి కోస్తూ కూర్చోవాలా?

మార్చి 15, శనివారం

ఉదయం 8:00. టీ కప్పు పక్కన టికెట్!

"నిలబడి మరీ నిద్రపోయావట, అమ్మ చెప్పింది" అంది అమ్మాయి. నవ్వు ఆపుకుంటోంది. "అంత కష్టపడ్డావు కదా అని. అమ్మ పక్కనే, వరసలో చివరి సీటు తీసుకున్నా. నిద్రొస్తే లేచి బయటికెళ్ళిపో. లోపల మాత్రం పడుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటా నాన్నా."

సాయంత్రం 6:00. హాలు. సీట్ల స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి. కుట్టినవాడు నూరేళ్ళు బతకాలి.

(మిగతాది ఇంటికొచ్చి రాస్తున్నాను.)

నిద్రా? ఆవలింత కూడా రాలేదు. అమ్మాయి వచ్చింది. బక్కపలచని ఆ కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి నా కూతుర్ని నడుం దగ్గర పట్టుకుని పైకెత్తాడు. పైకంటే పైకి! కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చప్పట్లు వినబడ్డాక తెరిచాను. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ మూసుకున్నాను. మొత్తం తొమ్మిదిసార్లు ఎత్తాడట. ఒక్కటీ చూడలేదు.

అయిపోయాక వెనక గదిలోకి వెళ్ళాం. అమ్మాయి జడపిన్నులు తీసుకుంటోంది. నా వైపు తిరగలేదు.

"పడుకున్నావు కదూ? స్టేజీ మీంచి చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నావు."

"లేదే. భయమేసింది."

"భయమేంటి నాన్నా?"

"పడిపోతావేమోనని."

ఇన్ని అబద్ధాలాడినవాడి మాట ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను. అప్పుడు మా ఆవిడ చెయ్యి చాపింది. మణికట్టు మీద ఎర్రగా నాలుగు గోళ్ళ గుర్తులు. నావే. ఆటంతా పట్టుకుని నొక్కేశానట. నాకు తెలియనే తెలియదు.

అమ్మాయి ఆ చెయ్యి చూసింది. నన్ను చూసింది. పిన్నులు బల్ల మీద పెట్టేసి, వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. ఏడుపొచ్చింది నాకు. ఆవిడకీ వచ్చింది.

మార్చి 29, శనివారం

ఆ ప్రదర్శనని వాళ్ళ బృందం డిస్కు వేసింది. అట్ట మీద గాల్లో మా అమ్మాయి! "ఇప్పుడైనా చూడు నాన్నా" అని చేతిలో పెట్టింది.

కొత్త దీక్ష. రోజుకోసారి. మామూలు వేగం. తొమ్మిది ఎత్తులూ, కళ్ళు తెరిచి.

2:00. మొదలు.

2:31. కుర్రాడు వచ్చాడు. ఎత్తాడు. మూసుకున్నాను.

2:32. వెనక్కి తిప్పాను. మూసుకున్నాను.

2:34. పడదని తెలుసు. అమ్మాయి షాపు వాకిట్లో నిలబడి ఫోన్లో ఎవరితోనో పకపకా నవ్వుతోంది, నాకు వినబడుతూనే ఉంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ మూసుకున్నాను.

రేపటి నుంచి మొదలు.