అక్క పెళ్ళి కాదు, అమ్మ పెళ్ళి

శ్రీయుత ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయ కళాశాల, తార్నాక, హైదరాబాదు.

అయ్యా,

విషయం: మా అమ్మ పెళ్ళి నిమిత్తం శుక్రవారం సెలవు మంజూరు చేసి, ఆనాటి ఇంటర్నల్ పరీక్షను శనివారం రాయనిచ్చుట గురించి (రెండవ అర్జీ).

ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం చదువుచున్న తస్నీమ్ అను నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మొదటి అర్జీలో 'అమ్మ పెళ్ళి' అనే రాసియుంటిని. తమ కార్యాలయ గుమాస్తా బాలరాజు గారు 'అమ్మ'ను ఎర్ర సిరాతో కొట్టివేసి 'అక్క' అని దిద్దినారు. "అక్క అని రాయమ్మా, సార్ సంతకం పెడ్తడు" అన్నారు. నాకు అక్క లేదన్నాను. "ఉన్నదా లేదా అని ఎవలు చూడొస్తరు?" అన్నారు. లేని అక్కను ప్రసాదించినందుకు కృతజ్ఞురాలనే గాని, పెళ్ళికూతురు మాత్రం మా అమ్మ ఖుర్షీద్ బేగమే.

2. ఈ సెమిస్టరులో మా తరగతివారు ఏడుగురు తమ తాతలను చంపి సెలవు పొందియున్నారు. అందులో ఒక తాతగారు రెండుసార్లు పోయినారు. ఎవరినీ చంపకుండా సెలవు అడుగుతున్నది నేనొక్కదాన్నే అని గమనించ ప్రార్థన.

3. మా నాన్నగారు కాలం చేసి ఆరేళ్ళు. భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకొనుటకు మా మతంలో అడ్డు లేదు. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు పాటిస్తే చాలు. మా అమ్మ ఆరేళ్ళు ఆగింది. వరుడు యాకూబ్ గారు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉంటారు, ఆయనకూ భార్య పోయింది. అమ్మ బట్టలు కుడుతుంది. చొక్కా గుండీ ఊడిందని ఆయన నాలుగుసార్లు వచ్చారు. గుండీలు ఆయనే తెంపుకుంటున్నారని మూడోసారికే నాకు తెలిసిపోయింది. అయ్యా, నాకెంత సంతోషంగా ఉందో రాయడానికి సెలవు ఫారంలో గడి లేదు.

4. అసలు ఇబ్బంది ఇది. నికా రోజు ఒక పెద్దమనిషి ఇద్దరు సాక్షులతో వచ్చి పెళ్ళికూతురిని "ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. మొదటి పెళ్ళిలో అమ్మ తల వంచుకుని ఊరుకుంటే దాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారు. కన్యకు అది చెల్లుతుందట. ఒకసారి పెళ్ళయిన ఆడమనిషి మాత్రం నోరు తెరిచి చెప్పి తీరాలని ఖాజీ గారు సెలవిచ్చారు. మా అమ్మేమో సిటీ బస్సెక్కి తార్నాకలో దిగవలసి ఉండి, "ఆపండి" అనలేక రామంతాపూర్ దాకా వెళ్ళి వచ్చిన మనిషి. "నువ్వు పక్కన కూసుంటేనే చెప్తా బేటా, లేకుంటే నా నోట్లకెళ్ళి మాట రాదు" అంటోంది. మాట రాకపోతే నికా లేదు. మౌలాలిలో నికా మధ్యాహ్నం రెండు గంటలకు. పరీక్ష కూడా రెండు గంటలకే.

కావున మా అమ్మ నోటి మాటకు నా పరీక్ష అడ్డురాకుండా సెలవు దయచేయించవలసిందిగా కోరుకొనుచున్నాను. చిత్తగించవలెను.

శుక్రవారం మినహా తమ విధేయురాలు,
తస్నీమ్

తా.క.: ఇది ముగించేసరికి అమ్మ ఫోన్ చేసింది. "ఒక్కసారి చెప్పి చూస్తా, విను" అంది. గొంతు సవరించుకుంది. "ఖుబూల్ హై" అంది. గదికి అవతలి మూలనున్న నా రూమ్మేట్ శిరీష "ఎవలే అది?" అని లేచి కూర్చునేంత గట్టిగా అంది. ఇక నేను పక్కన లేకపోయినా ఆమె చెప్పగలదు. కనుక నాలుగో అంశంలో నేను చూపిన కారణం చెల్లదని నిజాయితీగా తెలియజేసుకుంటున్నాను.

అయినా సెలవు ఇవ్వండి సార్. నాకు వినాలని ఉంది.