మందులన్నీ చెప్పాలంట

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జ్వరమొచ్చి మన బోయిగూడ క్లినిక్‌కు వెళ్తే, డాక్టరు గది ముందు కొత్త బోర్డు కనిపించింది: "మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పండి." కోపంతో ఒళ్లు మండిపోయింది.

కాల్‌సెంటర్ టెన్షన్‌తో గుండెదడ అని నువ్వు వచ్చిన రోజు, వేరే మందులేమైనా వాడుతున్నావా అని ఆయన అడిగాడు కదా. "బలం గోలీలే సార్" అన్నావు. నీ హెచ్ఐవీ మందుల సంగతి తెలిసి కూడా పక్కనే కూర్చుని తలూపాను నేను. ఆయన దడ తగ్గే మత్తు గోలీలు రాశాడు. హెచ్ఐవీ మందు డబ్బాలోని కాగితాన్ని డిక్షనరీ పెట్టుకుని నేను చదివింది నువ్వు పోయాకే. ఆ రెండూ కలిస్తే మత్తు ఒంట్లోనే పేరుకుపోతుందట. మూడో రోజు పొద్దున నేరేడ్‌మెట్ రోడ్డు మీద బండి నడుపుతూనే నిద్రపోయావు.

"బోర్డు సరే భాయ్, గీ పరదా తీసి తలుపు పెట్టుండ్రి. లోపలి మాటలు బెంచీ దాకా వినిపిస్తున్నయ్" అన్నాను కాంపౌండరుతో.

"ఏం తమ్మీ, గంత చెప్పుకోరాని రోగమేందీ నీకు?" అని నవ్వాడు.

బెంచీ మీదున్న మన గల్లీవాళ్లంతా నా వైపు తిరిగారు. నీ పేరు నోటిదాకా వచ్చింది.

"ఏం లేదు భాయ్" అన్నాను.

నిన్నింకా దాస్తూనే ఉన్నానన్నా.