మాస్టర్ గారిని పంపగలరు

ప్లేనో, మార్చి 4

ఛాయాదేవి ఆంటీకి నమస్కారం.

నేను జయంతి కొడుకుని, అనీష్‌ని. ఒకప్పుడు మీ పక్కింట్లో ఉండేదాన్నని అమ్మ చెప్పింది. నేను హోబర్ట్ క్రేన్ అనే కంట్రీ రాక్ సింగర్ లైవ్ రికార్డింగ్స్ కలెక్ట్ చేస్తాను. ఆయనకి ఇప్పుడు ఎనభై ఒకటి. నా దగ్గర రెండొందల పన్నెండు షోలు ఉన్నాయి. 1986లో మీ హెర్న్‌డన్ దగ్గర ఫెయిర్‌లో పాడిన షో మాత్రం పూర్తిగా లేదు. చివరి పాట మొదలవగానే టక్కుమని ఆగిపోతుంది. ప్రపంచంలో అందరి కాపీలూ అంతే! ఆ పాట వినకపోతే నాకు నిద్ర పట్టదు ఆంటీ.

ఒరిజినల్ మాస్టర్ గారు మీ ఇంట్లోనే ఉన్నారని మా కలెక్టర్ల క్లబ్‌లో తెలిసింది. ఫస్ట్ జెనరేషనేనా? కండిషన్ ఎలా ఉంది? బుస్సుమని సౌండ్ వస్తుందా? రెండు వారాలు నాకు పంపిస్తే, పని అయ్యాక జాగ్రత్తగా రిటర్న్ చేస్తాను.

మీ అనీష్

తా.క. పెద్దవాళ్ళకి రాసేటప్పుడు 'గారు' మర్చిపోతే చంపేస్తానంది అమ్మ. డౌట్ వచ్చిన చోటల్లా పెట్టాను.


హెర్న్‌డన్, మార్చి 11

చిరంజీవి అనీష్‌కి ఆంటీ దీవెనలు.

నీ తెలుగు అక్షరాలు చూసి ముచ్చటేసిందిరా. ఆ పాటలాయనెవరో నాకు గుర్తులేదు కానీ, మాస్టారు ఇంట్లోనే ఉన్నారు, ఎక్కడికి పోతారు? ఒరిజినలే. డూప్లికేట్‌ని కట్టుకున్నాననుకున్నావా? ముప్ఫై ఏళ్ళు ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పిన రాఘవులు మాస్టారంటే ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఫస్ట్ జెనరేషనే, 1979లో ఈ దేశంలో దిగాం. కండిషన్ అంటావా, మోకాళ్ళు పట్టేశాయి. బుస్సుమనే సౌండ్ పడుకున్నప్పుడే వస్తుంది, పక్కకి తిప్పితే తగ్గుతుంది.

సన్మానం లాంటిదేదో పెట్టారు కాబోలు, సంతోషం. కానీ ఆయన్ని ఒంటరిగా ఎప్పుడూ ఎక్కడికీ పంపలేదు. ఎలా చూసుకుంటావో వివరంగా రాయి.

ఛాయాదేవి ఆంటీ

తా.క. శాలువా వద్దు. పదకొండున్నాయి.


ప్లేనో, మార్చి 18

ఆంటీకి చాలా చాలా థాంక్స్‌తో,

మీ హ్యాండ్‌రైటింగ్ సగమే చదవగలిగాను, అమ్మ ఊళ్ళో లేదు. కానీ ఒరిజినల్, ఫస్ట్ జెనరేషన్, తిప్పితే సౌండ్ తగ్గుతుంది అన్న మాటలు చదివి ఎగిరి గంతేశాను!

ఎలా చూసుకుంటానని అడిగారు. మాస్టర్ గారిని బబుల్ ర్యాప్‌లో టైట్‌గా చుట్టి, బాక్స్‌లో పెట్టి పోస్ట్ చేయండి. ఇన్నేళ్ళు బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు జిగటగా అయిపోతారు. అందుకని ముందు ఓవెన్‌లో పెట్టి, తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు బేక్ చేస్తాను. తర్వాత మెషీన్ మీద నిదానంగా తిప్పుతాను. భయపడకండి ఆంటీ, ఇంతకుముందు ముగ్గురిని ఇలాగే చేశాను. ఒకరు మాత్రం మధ్యలో తెగిపోయారు. అతికించాను, ఇప్పుడు బాగా పాడుతున్నారు.

మీ అనీష్

తా.క. ఇన్సూరెన్స్ చేయించండి. పోతే మళ్ళీ దొరకరు.


హెర్న్‌డన్, మార్చి 26

ఒరేయ్ అనీష్,

నీ ఉత్తరం చదివి నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపులన్నీ వేసేసి, మాస్టార్ని పడకగదిలో కూర్చోబెట్టి, పోలీసులకి ఫోన్ చేయబోతుంటే ఆయన ఉత్తరం లాక్కుని చదివారు. పడీపడీ నవ్వారు. "పిచ్చిదానా, మాస్టర్ అంటే నేను కాదే, ఆ రోజు నేను రికార్డు చేసిన అసలు టేపు" అన్నారు. జిగటెక్కిన పాత టేపుల్ని అలా సన్నటి వేడి మీద ఆరబెడతారట. బేస్‌మెంట్‌లోంచి టేపూ, పాత మిషనూ తెచ్చారు. మరి అందరికీ ఇచ్చిన కాపీల్లో చివరి పాట ఎందుకు కోసేశారంటే మిషను మూసేయబోయారు. నేనే మీట నొక్కాను.

అందులో ఉన్నది నేను! ఆ రోజు పిల్లల్ని మీ అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. "ఇంక చాలు, లేవండి! ఇల్లూ వాకిలీ లేవా మీకు? ఈ గోల కోసం పసిపిల్లల్ని ఒకరి మీద వదిలేస్తారా?" అని మాస్టార్ని దులిపేస్తున్నాను. ఆ హోబర్ట్ తన పాట ఆపేసి, "ఆ అమ్మ పాట బాగుంది, దాన్నే పట్టుకోండి" అన్నాడు తన వాళ్ళతో. గిటార్లూ డ్రమ్సూ అన్నీ నా వెనకాలే! నేను గొంతు పెంచితే వాళ్ళూ పెంచారు. ఎనిమిది నిమిషాలురా! జనం ఒకటే ఈలలు, చప్పట్లు. ఆ హోరంతా అతనికే అనుకున్నాను అప్పుడు.

తను తిట్లు తినడం ఊరంతా వింటుందని మాస్టారు సిగ్గుపడి కోసేశారట. ఇప్పటికీ పంపొద్దని బతిమాలుతున్నారు. నేను మాత్రం నాలుగుసార్లు విన్నాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు, నాకే ఆశ్చర్యం. టేపు ఇవాళే పోస్ట్ చేశాను. నువ్వు విను, మీ క్లబ్బు వాళ్ళందరికీ వినిపించు.

నీ ఛాయాదేవి ఆంటీ

తా.క. కాపీల మీద 'పాడినవారు' అన్నచోట నా పేరు ముందు, హోబర్ట్ పేరు తర్వాత వెయ్యి. 'అరిచినవారు' అని రాశావో, నేనే ప్లేనో వచ్చి ఇంకో ఎనిమిది నిమిషాలు పాడతాను.