ట్యాంక్ మీది గీత

జనవరి 12

అన్నయ్య మా మోటార్‌సైకిల్ ట్యాంక్ రంగు మార్చేశాడు. నాతో ఒక్క మాట అనకుండా.

జనవరి 12, సాయంత్రం

పొద్దున రెండు ముక్కలే రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

కోళ్ళ షెడ్డులో, రెట్టల కింద దొరికిన పాత బ్రిటిష్ బండి అది. నాలుగేళ్ళ ఆదివారాలన్నీ ఇద్దరం దానికే ధారపోశాం. ఇంజిన్ పని నాది, మిగతాది అన్నయ్యది. ట్యాంక్ జోలికి మాత్రం వెళ్ళకూడదని మొదట్లోనే అనుకున్నాం. నల్లరంగు అక్కడక్కడా పెచ్చులూడినా, దాని మీద బంగారు గీత ఒకటి మిగిలింది. ఫ్యాక్టరీలో ఎవరో చేత్తో గీసింది. మోకాలు తగిలే వంపు దగ్గర కాస్త వణికి, మళ్ళీ సర్దుకుంటుంది. ముక్కూ మొహం తెలియని ఆ చెయ్యంటే నాకు ప్రాణం.

సొట్ట తీయిస్తానని పట్టుకెళ్ళి, రేకు తేలేదాకా గీకించి, కారు రంగు కొట్టించి తెచ్చాడు. గీత స్థానంలో స్టిక్కర్. స్టిక్కర్!

సర్‌ప్రైజ్ అట. వచ్చే నెల పాత బళ్ళ ర్యాలీలో అందరి కళ్ళూ దీని మీదే ఉంటాయట.

జనవరి 15

వదిన ఫోన్ చేసింది. డబ్బాడు రంగు కోసం అన్నాచెల్లెళ్ళు మాటలు మానేస్తారా అని నవ్వింది. పెట్టేశాను.

జనవరి 19

వెళ్ళాను. బండి కోసం, అన్నయ్య కోసం కాదు. కార్బురేటర్ విప్పి, జెట్ ఊది బిగించాను. స్పానర్ అడిగితే పక్కదేదో అందించాడు. రెండుసార్లు. నన్ను ఉడికించడానికే అనుకుని విసురుగా లాక్కున్నాను.

ఫిబ్రవరి 2

ర్యాలీలో ఫస్ట్ ప్రైజ్. జడ్జి మా ట్యాంక్‌లో తన మీసం చూసుకుని మురిసిపోయాడు. ఇంజిన్ వైపు వంగనైనా లేదు. అన్నయ్య మైకు తీసుకుని, ఇంజినంతా మా చెల్లెలి చేతిపనే అని చెప్పాడు. చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసినవాడు మంచితనం కూడా ఒలకబోస్తే ఏమని తిట్టాలి?

ఫిబ్రవరి 3

నిన్న మిగతాది రాయలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య నడిపాడు. వెనక నేను. ఇంకా బాగా వెలుతురుంది. రోడ్డు పక్కన ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది. ఎర్రగా, ఇల్లంత ఉంది. తప్పుకుంటాడనుకున్నాను. తప్పుకోలేదు. భుజం పట్టి ఇవతలికి గుంజాను. ట్రాలీ అంచు నా మోకాలి దగ్గర ప్యాంటు చీల్చుకుంటూ పోయింది. ఇద్దరం మట్టిలో పడ్డాం.

కళ్ళు కనబడట్లేదా అని అరిచాను.

నేల మీదే కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "పక్కలు కనబడవే నాకు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. రెండేళ్ళయింది."

తగ్గే జబ్బు కాదట. బండి ముట్టుకోవద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పాడట. ఆ పాత గీత తన కంటికి ఎన్నడో నలుపులో కలిసిపోయిందట. ఉన్న కాస్త చూపూ పోయేలోగా, బండి తళతళలాడుతుంటే ఒక్కసారి చూసుకోవాలనిపించిందట.

రెండేళ్ళు! ప్రతి ట్రయల్‌కీ నన్ను వెనక ఎక్కించుకున్నాడు. నాకు ఇద్దరు పిల్లలున్నారు.

అక్కడి నుంచి నేనే నడిపాను. దారంతా నా వీపు వెనక ఏడుస్తూనే ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు.

ఫిబ్రవరి 4

వదినకు చెప్పేశాను. ఆమెకూ తెలియదు. చెప్పొద్దని అన్నయ్య బతిమాలాడు. నీ మాట వినే రోజులు అయిపోయాయన్నాను.

ఫిబ్రవరి 9

వదిన అన్నయ్యతో మాట్లాడటం లేదు. అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. బాగుంది.

గీత చెరిపేసినందుకు తిట్టుకుందామంటే కళ్ళు గుర్తొస్తాయి. పోనీ జాలి పడదామంటే ట్రాలీ గుర్తొస్తుంది. కోపమైనా నన్ను కడుపునిండా పడనివ్వలేదు, మహానుభావుడు.

షెడ్డంతా ఊడ్చాను. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాను.

ఫిబ్రవరి 16

అన్నయ్య వచ్చి బండి తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 23, ఉదయం

అన్నయ్యను వెనక కూర్చోబెట్టుకుని వంతెన దాకా వెళ్ళాను. మలుపు దాటాక, ఇటుపక్క ఏముందని అడిగాడు. పొద్దుతిరుగుడు చేను అన్నాను. ఇంకా ఏముందన్నాడు. పువ్వులన్నీ మనకు వీపు చూపిస్తున్నాయని విసుక్కున్నాను.

కోపం పోలేదు. అటుపక్క ఏముందో అడగకుండానే చెప్పాను.