అధ్యక్షుడి ఇంటికి గుమ్మడికాయ

అమ్మాయి మోత్రియాకు నాన్న ఆశీస్సులు.

నేను, నీ కూతురు ఉస్తీనా, మేక, ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. ఖెర్సన్‌లో నువ్వూ, నీ చేపల డబ్బాల ఫ్యాక్టరీ క్షేమమని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. డాక్టరు మందు మార్చాడు, మోకాలి నొప్పి మారలేదు. ఇంటికప్పు కారడం లేదు. బంగాళాదుంపలు వేసే చోట ఈ ఏడు గుమ్మడి పెట్టానని పక్కింటి పరాస్కా నీకు రాసిందట. నిజమే. జన్మలో మొదటిసారి పెట్టాను.

ఎందుకో చెబుతాను. మన సమష్టి వ్యవసాయ క్షేత్రానికి అధ్యక్షుడైన నాటి నుంచి పనాస్‌కు "వద్దు" అన్న మాట వినబడదు. నేను నడిపిన ఊరి గ్రంథాలయాన్ని దాణా కొట్టం చేయవద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. చలికాలంలో తన కొడుకు లెవ్కోకు ఉస్తీనాను అడిగినప్పుడు, పిల్ల మొహం మీదే "నాకిష్టం లేదు" అంది. "సిగ్గుపడుతోంది, శరత్కాలంలో పెద్దమనుషుల్ని పంపుతా" అని నవ్వి పోయాడు. కానీ పెళ్ళడగ వచ్చినవాళ్ళ చేతిలో పిల్ల గుమ్మడికాయ పెడితే కాదన్నట్టే, అది చెవిటివాడికైనా వినబడుతుంది. దాన్ని ఊరంతా చూస్తుండగా మోసుకుపోవాలి. ఆచారాలంటే నాకు గిట్టదని నీకు తెలుసు. అయినా పనాస్‌కు ఈ ఒక్క భాషే అర్థమవుతుంది.

ముందే జాగ్రత్తపడదామని, శరత్కాలానికి ఒక కాయ ఇస్తావా అని పరాస్కాని అడిగాను. "మా ఆయన ట్రాక్టరు నడపాలా, పందుల కొట్టం ఊడవాలా మామా? కాయ మా దొడ్డిదని తెలిస్తే మా పని అంతే!" అంది. ఊళ్ళో అందరిదీ అదే పాట. సరే, గింజలు నేనే పాతాను.

పుస్తకం చూసి పెంచాను. తీగకు ఒకే పిందె ఉంచి తక్కినవి తుంచెయ్యమంది, తుంచేశాను. తీగలు రెండు, ఒకటి తెగులుతో పోయింది. రెండోదాని కాయ పందిపిల్లంత అయింది, పందంత అయింది. "తాతా, ఇది నేను ఎత్తేదా, నన్ను ఎత్తేదా?" అంది ఉస్తీనా. ఆ సంగతి పుస్తకంలో లేదు.

పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యే పొక్రోవా పండుగ నాడు వచ్చారు, రొట్టె పట్టుకుని ఇద్దరు పెద్దమనుషులు, వెనక లెవ్కో. వాళ్ళలో పనాస్ బావమరిది ఆనవాయితీగా మొదలుపెట్టాడు. "మేం వేటగాళ్ళం. మా కుర్రాడు తరుముతున్న వన్నెల నక్క మీ ఇంట్లో దూరింది."

"ఇక్కడ మేక తప్ప ఏమీ లేదు," అన్నాను.

"హాస్యాలు వద్దు పెద్దాయనా! ఒప్పుకున్నానని పిల్ల తువ్వాళ్ళు తెచ్చి మా భుజాలకు కడితే మా దారిన పోతాం."

ఉస్తీనా పెరట్లోకి వెళ్ళి తోపుడుబండి తెచ్చింది, దానిలో కాయ. లెవ్కో కాళ్ళ దగ్గర ఆపి, "మా తాత చేతులతో పెంచాడు, నా చేతులతో ఇస్తున్నాను. బండి మాత్రం మాది," అంది.

ఇచ్చిన కాయను వదిలేసి పోతే వరుడి ఇంటికి మళ్ళీ పిల్లనెవరూ ఇవ్వరు. ముగ్గురూ కలిసి ఎత్తారు. చర్చి మలుపు దగ్గర దించి ఊపిరి పీల్చుకున్నారట. "పురిటి నొప్పులా?" అని ఆడవాళ్ళు కిటికీల్లోంచి అడిగారట.

ఇక దాచింది చెప్పాలి. "పనాస్‌కు మాట ఇచ్చాను, నేను వచ్చేదాకా కాదనకండి" అని నువ్వు రాసిన ఉత్తరం ఆలస్యంగా అందిందని అబద్ధమాడదామనుకున్నాను. ఆడను. పండుగకు ముందే అందింది. ఇద్దరం చదివాం. పిల్ల ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని బండి చక్రానికి నూనె రాసింది. దానికో నీడ చూడాలని నీ ఆరాటం, నాకు తెలుసు. కానీ నువ్విచ్చిన మాట నీది, పిల్ల బతుకు పిల్లది. కోపం వస్తే వచ్చి నా ఎదుట కూర్చుని తిట్టు. క్షమించమని మాత్రం అడగను.

నిన్న పనాస్ మనిషి వచ్చాడు. వసంతంలో మన పెరడు దున్నడానికి ట్రాక్టరు రాదట. "మా ఇంట్లో పార ఉందని చెప్పు," అన్నాను.

లోపల్నించి ఉస్తీనా అరిచింది: "రెండున్నాయని చెప్పు!"

ఇట్లు,
ఎవరికీ తలవంచని
మీ నాన్న