ఎస్తేరమ్మ గిన్నె

ఆదివారం, నాచారం

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. గిన్నె గురించి కూడా డైరీ రాస్తారా అని. కానీ దాని మీద పేరున్న ఆవిడెవరో అన్న ఆలోచనతో నిద్ర పట్టేలా లేదు.

ఉప్పల్‌లో పాత సామాన్ల దుకాణంలో చిల్లుల ఇత్తడి గిన్నె కొన్నాను. బోర్లించి లోపల బల్బు పెడితే హాల్లో మంచి దీపమవుతుంది. ఇంటికొచ్చి చింతపండుతో తోముతుంటే చెక్కిన పేరు బయటపడింది: ఎస్తేరమ్మ. పెళ్లికి ఎవరు పెట్టారో, ఎంతమందికి అన్నం వార్చిందో! మా పెళ్లి బిందె మీద నా పేరుకన్నా ఇచ్చిన మేనమామ పేరే పెద్దది. నీళ్లు పట్టినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చేవాడు. సరే, అది వేరే కథ.

మా ఆవిడ సుగుణ చూసి మొహం ముడుచుకుంది.

"ఏం కష్టమొచ్చి అమ్ముకున్నదో పాపం! ఆమె పేరు మనింట్ల ఎందుకయ్యా? వాపస్ ఇచ్చిరా."

"ఇస్తే కరగబెడ్తరు. ఆ పేరు గూడ పోతది."

"నీకు అన్నిటికీ ఓ జవాబుంటది!"

ఎందుకైనా మంచిదని పేరును గోడవైపు తిప్పి వేలాడదీశాను. స్విచ్ వేయగానే గోడంతా వెలుగు చుక్కలు. సుగుణ ఓసారి చూసి కంచాలు పెట్టింది. రేపు తిరిగి ఇచ్చేయమంటుందేమో అనుకున్నాను.

భోజనాలయ్యాక తనే స్టూలెక్కి, గిన్నెను పేరు మావైపు కనబడేలా తిప్పి, దిగి, లైటార్పింది.